ఒకే పేరు, రెండు యంత్రాలు

అక్టోబర్ 28, శనివారం

యిరుపే ఓడిపోయింది. వంద ఆటల్లో గెలిచింది ముప్పై ఎనిమిదే. ఓడించింది ఎవరో పరాయివాళ్ళు కాదు, మూడు వారాల కిందటి యిరుపే. మనవరాలిని ముసలమ్మ జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చినట్టుంది.

ఆ అంకెను మూడుసార్లు చదివాను. రెండేళ్ళలో ఇలా ఎన్నడూ జరగలేదు. ఈ చదరంగం ప్రోగ్రాముకు మేం నేర్పింది ఆట నియమాలు మాత్రమే. మిగతాదంతా తనతో తాను ఆడుకునే నేర్చుకుంది. మెక్సికో నుంచి మా ఎన్‌కర్నాసియోన్ దాకా ఎనిమిది వందల ఇళ్ళలో మా కంప్యూటర్లు దాన్ని ఆడిస్తూనే ఉంటాయి. ఆ ఆటలన్నీ ఉరుగ్వేలోని మోంతెవిదేయోలో ఉండే మాబెల్ దగ్గరికి చేరతాయి. వాటిని చదువుకుని వారానికో కొత్త యిరుపే పుడుతుంది, పుట్టగానే పాతదాన్ని ఓడిస్తుంది. ఇన్నాళ్ళూ అదే వరస. ఆ పేరు పెట్టింది మా లెక్కల మాస్టారు డాన్ క్రిస్పినే. ఎవరూ నాటకుండా, నీళ్ళు పోయకుండా చెరువులో పళ్ళెమంత ఆకులేసుకుని పెరిగే తామర పేరు.

భోజనాల దగ్గర విల్ఫ్రిదో నా మొహం చూసి, "ఎవరైనా పోయారా ఏంటి?" అన్నాడు.

"యిరుపే ఓడింది."

"ఎవరి చేతిలో?"

"తన చేతిలోనే."

"మరి గెలిచిందీ అదేగా! సగం మొహంతో ఏడువు, సగం మొహంతో నవ్వు," అని ఉడికించిన మాండియోక దుంప ముక్క నోట్లో వేసుకున్నాడు. కట్టుకున్నవాడికి కాస్తయినా బాధ ఉండొద్దూ.

ఒక్కటే ఊరట. ఎక్కువ ఆటలు పంపినవాళ్ళ జాబితాలో మా ఊరు ఆరో స్థానంలో ఉంది. నది అవతలి పొసాదాస్ తొమ్మిది. మాస్టారి కంప్యూటర్లో ఉన్నది ఒక్కటే ముసలి గ్రాఫిక్స్ కార్డు, ఒంటరిగా అయితే జాబితా అడుగున ఎక్కడో ఉండేది. అందుకే ఇద్దరం ఒకే పేరు మీద పంపుదామని నేనన్నాను, ఊరి పేరే పెడదామని ఆయనన్నారు. సెప్టెంబరులో నా రెండు కార్డుల వేగం బాగా పెంచాను. అప్పటిదాకా పదిహేడులో మగ్గుతున్నాం. ఒక్క నెలలో ఆరు! పొసాదాస్ వాళ్ళు కుళ్ళి చావాలి.

అక్టోబర్ 30, సోమవారం

కార్నివాల్ బృందానికి పద్దెనిమిది తలపాగాలు ఈ వారంలో ఇవ్వాలి. ఇప్పటికి ఎనిమిది తలపాగాలకే ఈకలు కుట్టడం అయింది. కుడుతూ కుడుతూ ఆ ముప్పై ఎనిమిది గుర్తొచ్చి సూది వేలిలోకి దిగింది. వేసవి ఇంకా రాకముందే ఎండ నలభై దాటింది.

నవంబర్ 2, గురువారం

కొత్తది ఇంకా ఘోరం. ముప్పై ఒకటి.

ఆటలు తెరిచి చూశాను. గెలిచే ఆటలో, ఎవరూ అడక్కుండానే, తన ఏనుగును తీసుకెళ్ళి ఎదుటి బంటు నోట్లో పెడుతోంది. మన పిల్ల నడివీధిలో నిలబడి వెర్రిమాటలు మాట్లాడుతుంటే చూడాల్సి వస్తే ఇలాగే ఉంటుంది.

సాయంత్రం మాబెల్ ఫోన్ చేసింది.

"జునిల్డా అక్కా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు."

"అడుగు."

"చెత్త ఆటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో దొరికింది. అన్నీ ఒకే పేరు మీద వస్తున్నాయి."

"ఎవడా దరిద్రుడు?"

"ఎన్‌కర్నాసియోన్."

మా ఊరు. మా పేరు.

"అన్నీ కాదక్కా. పొద్దుటివి బానే ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు దాకా వచ్చేవాట్లోనే పాడున్నాయి. మీ ఇద్దరిదీ ఒకటే పేరు కాబట్టి ఏది ఎవరిదో ఇక్కణ్ణుంచి నాకు తెలీదు. మీ ఇద్దరిలో..."

"నాది కాదు," అన్నాను. ఆమె మాట పూర్తి కానే లేదు.

ఎందుకు కాదో కూడా చెప్పాను. నా కార్డులు ఈ రెండు నెలల్లో ఒక్కసారీ ఆగలేదు. పాడైన యంత్రమైతే ఆగుతుంది, తెర నల్లబడుతుంది, ఏదో ఒకటి చేస్తుంది. పైగా ఒంటిగంట నుంచి అయిదు అంటే ఏ వేళ? మాస్టారు కునుకు తీసి లేచి కంప్యూటర్ ముందు కూర్చునే వేళ. జులైలో ఆయన నన్ను అడిగారు కూడా: "నా దగ్గర నలభై ఏళ్ళ ఆటలున్నాయి అమ్మాయ్, ఉత్తరాల మీద ఆడినవి. పాపం దానికి నేర్పేవాడు ఒక్కడూ లేడు. ఓ పది చూపిస్తే తప్పా?"

"తప్పు మాస్టారూ, మనిషి చెయ్యి తగలకూడదు," అని నవ్వేశాను. అప్పుడు నవ్వు వచ్చింది.

నవంబర్ 4, శనివారం

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను.

అగ్నిమాపక స్వచ్ఛంద సేవకుల హాలు మేడమీద మాస్టారి చదరంగం క్లబ్బు, శనివారం తరగతి. పద్నాలుగు మంది పిల్లలు, అయిదారుగురు తల్లులు. తరగతి అయ్యాక పక్కకు తీసుకెళ్ళి అడగాలనే వెళ్ళాను. దేవుడి మీద ఒట్టు. కానీ గుమ్మంలో నన్ను చూడగానే ఆయనే, "ఏమంటోంది మన పిల్ల?" అని అడిగారు.

"మన పిల్లకి ఎవరో విషం పెట్టారు మాస్టారూ. మన ఊరి నుంచే."

"మన ఊరి నుంచా?"

"నా యంత్రం బానే ఉంది."

అర్థం కావడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది. పిల్లలకు చూపిస్తున్న గుర్రం చేతిలోనే ఉండిపోయింది.

"నేనేం ముట్టుకోలేదమ్మాయ్."

"జులైలో మీ ఆటలు పెడతానన్నారు."

"అన్నాను. పెట్టలేదు." చేతిలోని గుర్రాన్ని చూసుకుని, "పెట్టలేదనే అనుకుంటున్నాను," అన్నారు.

"అనుకోవడమేంటి మాస్టారూ? పెట్టారా, లేదా? మీకు డెబ్బై తొమ్మిదేళ్ళు. పోయిన నెల క్లబ్బు తాళాలు తలుపుకే వదిలేసి వెళ్ళిపోయారు."

తల్లులు ఫోన్లలోకి చూడటం మొదలుపెట్టారు. ఆయన గుర్రాన్ని బల్ల అంచున పెట్టారు, అది కింద పడింది.

తర్వాత ఆయన ఇంటికి వెళ్ళి కంప్యూటర్ నేనే విప్పి తెచ్చాను. దుప్పట్లో చుట్టి నా కుట్టుగదిలో పెట్టాను. యిరుపేను ఆడించేవాళ్ళందరం ఉండే ఫోన్ గ్రూపులో రాశాను: "తప్పు డాన్ క్రిస్పిన్ యంత్రానిది. తీసేశాం. ఆయన పెద్దవారు, ఏమీ అనకండి."

మెత్తగానే చెప్పాను. మెత్తగానే రాశాను కూడా.

నవంబర్ 5, ఆదివారం

విల్ఫ్రిదోకు చెబితే, "ఉరుగ్వేదాని బొమ్మ ఓడిపోతే నీకెందుకే ఇంత? కందకు లేని దురద కత్తిపీటకా?" అన్నాడు. నాకు లెక్కలూ చదరంగమూ నేర్పిన మనిషిని ఆ మాట అనొచ్చా అని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. అడిగితే సమాధానం సిద్ధంగా పెట్టుకున్నాను.

నవంబర్ 7, మంగళవారం

దక్షిణం నుంచి చలిగాలి దిగింది. పదిహేడు డిగ్రీలు. నిన్నటి నుంచి ఒక్క చెత్త ఆట కూడా రాలేదని మాబెల్ రాసింది. ఒక్కటి కూడా!

చూశారా మరి. యంత్రం తీశాం, జబ్బు కుదిరింది.

నవంబర్ 9, గురువారం

ఇది ఊహించలేదు. పొద్దున గ్రూపులో ఉంది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసుకుంటున్నాను:

"మిత్రులారా, నేను క్రిస్పిన్ అయాలాను. ఎన్‌కర్నాసియోన్ నుంచి వచ్చిన పాడు ఆటలకు కారణం నేనే. ఒక మధ్యాహ్నం నా పాత ఆటలను లోపల పెట్టడానికి ప్రయత్నించి ఉంటాను. ఎంత ఆలోచించినా స్పష్టంగా గుర్తు రావడం లేదు. గుర్తు రాకపోవడమే సాక్ష్యం అనుకుంటున్నాను. మీ రెండేళ్ళ శ్రమ పాడు చేశాను. క్షమించండి."

ఆయన పోట్లాడతారనుకున్నాను. నెల రోజులు నాతో మాట్లాడరనీ, క్లబ్బులో అందరికీ నా మీద చెబుతారనీ, చివరికి నేనే ఒక చిపా రొట్టె పట్టుకెళ్ళి రాజీ పడాలనీ అనుకున్నాను. ఒప్పుకుంటారనుకోలేదు.

నేను చెప్పిందే నిజమైంది. నేను చెప్పిందే నిజమైంది కదా. మరి అన్నం ఎందుకు దిగలేదో తెలియదు.

నవంబర్ 11, శనివారం

హాలు తాళం తీసి లేదు. పద్నాలుగు మంది మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

పదింటికి మాస్టారి కూతురు నెలిదా వచ్చింది. మందుల షాపు తెల్లకోటుతోనే వచ్చింది. క్లబ్బు తాళాలు నా చేతిలో పెట్టింది.

"నాన్న ఇమ్మన్నాడు."

"ఎందుకు? ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు బానే ఉంది. తల మీద నమ్మకం లేదంటున్నాడు. పిల్లలకి తప్పు ఎత్తులు నేర్పుతానేమోనట. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమని ఆయనే అడిగాడు. డిసెంబర్ అయిదున అసున్సియోన్‌లో చూపిస్తున్నాం." నా వైపు నేరుగా చూడలేదు. "బ్యాంకు సంతకం కూడా నా పేరున మార్పించేశాడు జునిల్డా. నేను వద్దంటున్నా వినలేదు."

ఒక్క వారంలో ఇంత జరుగుతుందా? నేనన్నది ఒక కంప్యూటర్ గురించి.

తరగతి నేనే చెప్పాను. సరిగ్గా చెప్పలేదు.

నవంబర్ 15, బుధవారం

చలిగాలి వెళ్ళిపోయింది. నలభై ఒకటి. కరెంటు రెండుసార్లు పోయింది. కుట్టుగదిలో కార్డుల పక్కన కూర్చోవాలంటే పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది. విల్ఫ్రిదో తొంగిచూసి, "నీ ఈకలన్నీ దాని ముక్కులోకి పోతున్నాయి, తుమ్ముతుందేమో చూసుకో," అన్నాడు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఒక్కసారి కూడా ఆగలేదు.

నవంబర్ 17, శుక్రవారం

మాబెల్ ఫోన్. "అక్కా, క్రిస్పిన్ గారి యంత్రం మళ్ళీ తగిలించారా?"

"లేదే. నా గదిలోనే దుప్పట్లో ఉంది."

"మరి బుధవారం నుంచి మళ్ళీ వస్తున్నాయి. అవే ఆటలు. మధ్యాహ్నాలే."

లేదు.

నవంబర్ 18, శనివారం

రాయాలి.

ఆటలో ఒకే స్థితి చూపించి ఒకే యంత్రాన్ని పదిసార్లు అడిగితే పదిసార్లూ ఒకే అంకె చెప్పాలి. ఎవరు గెలుస్తారు, ఎంత అవకాశం అని. రెండు రెళ్ళు ఎన్ని అని అడిగినట్టే. పొద్దున ఎనిమిది గంటలకు పదిసార్లు అడిగాను. పదింటికి పది ఒకటే. అమ్మయ్య అనుకున్నాను. దండం కూడా పెట్టుకున్నాను.

మూడింటికి మళ్ళీ అడిగాను. గదిలో నలభై మూడు. పదిసార్లు అడిగితే ఏడు రకాల సమాధానాలు వచ్చాయి. తెర నల్లబడలేదు. ఆగలేదు. ఎర్రగీత లేదు. ఫ్యాన్ హాయిగా తిరుగుతూ, అదే నమ్మకంతో, నాకు ఏడు అబద్ధాలు చెప్పింది.

సెప్టెంబరులో నేను పెంచిన వేగాన్ని వెనక్కి తగ్గించాను. మళ్ళీ అడిగాను. పదింటికి పది ఒకటే.

పెంచాను. ఆరు రకాలు.

తగ్గించాను. ఒకటే.

అలా ఎన్నిసార్లు చేశానో తెలియదు. విల్ఫ్రిదో వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా చేస్తూనే ఉన్నాను.

"నేనే," అన్నాను.

"ఏంటి నువ్వే?"

"విషం పెట్టింది నేనే. చలిగాలి వచ్చింది కాబట్టి ఆగింది. ఆయన యంత్రం తీసినందుకు కాదు. చలిగాలి వచ్చిందంతే."

ఈసారి వేళాకోళం ఆడలేదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "పొసాదాస్ వాళ్ళని దాటడానికేనా?" అని అడిగాడు. అవునన్నాను.

నవంబర్ 19, ఆదివారం

గ్రూపులో ఇంకా రాయలేదు. మాబెల్‌కు ఆదివారం సెలవు. రేపు రాస్తాను. ముందు ఇంకోసారి పరీక్షించి చూడాలి. తొందరపడి రాయకూడదు. ఒక తప్పు తొందరలోనే జరిగింది కదా.

పరీక్షించాను. అయిదు రకాలు.

నవంబర్ 20, సోమవారం

రాశాను. "పాడు ఆటలు నావి. డాన్ క్రిస్పిన్‌కు ఏ సంబంధమూ లేదు. జాబితాలో పైకి రావాలని కార్డుల వేగం పెంచాను. ఎండకు అవి తప్పు లెక్కలు చేశాయి. పరీక్షించకుండా ఆయన మీద నింద వేశాను."

ఎండలు ముదిరిన అక్టోబర్ మొదటి నుంచి మా పేరు మీద వచ్చిన ఆటలన్నీ మాబెల్ తీసేసింది. యిరుపే ఏడు వారాలు వెనక్కి వెళ్ళింది. ఎనిమిది వందల ఇళ్ళ ఏడు వారాలు. మా ఊరు నలభై నాలుగో స్థానం. తిడతారని చూస్తూ కూర్చున్నాను. పెద్దగా ఎవరూ తిట్టలేదు. పొసాదాస్ అతను మాత్రం, "మేమూ పెంచాం, ఇప్పుడే తగ్గించి వచ్చాం, ఎవరికీ చెప్పకండి," అని అందరికీ చెప్పాడు.

ఇంకొక్క పనే మిగిలింది. అది రేపు.

నవంబర్ 21, మంగళవారం

మాస్టారింట్లో చీటీలు.

మొదట పొయ్యి మీద చూశాను: "ఆపావా?" కుళాయి దగ్గర: "కట్టావా?" వీధి తలుపు లోపలివైపు: "తాళం. కళ్ళజోడు. ఎక్కడికి వెళుతున్నావు?" ఆయన దస్తూరీ. బోర్డు మీద లెక్కలు రాసిన ఆ గుండ్రటి అక్షరాలే. గోడ బీరువాలో ఆయన ఆటల పుస్తకాలు ఉండే చోటు ఖాళీగా ఉంది. మునిసిపల్ లైబ్రరీకి ఇచ్చేశారట.

ఎప్పటిలాగే కొమ్ము గ్లాసులో తెరెరే ఆకు కలిపారు. చల్లటి నీళ్ళు పోసి ముందు నాకే అందించారు. నేను తాగలేదు. కొమ్ము చేతిలో పట్టుకునే చెప్పాను. అంతా చెప్పాను. వేగం పెంచడం, ఏడు సమాధానాలు, చలిగాలి, పొసాదాస్, అన్నీ. ఏడుస్తూ చెప్పాను.

ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత నవ్వారు. ఎంతో ప్రేమగా నవ్వారు.

"చిన్నప్పుడూ ఇంతే నువ్వు. ఎదుటి పిల్ల ఏడిస్తే చాలు, చూడనట్టు నటించి మంత్రిని ఇచ్చేసేదానివి."

"మాస్టారూ, నిజం చెబుతున్నాను."

"నీకు అబద్ధం ఆడటం రాదమ్మాయ్. మొహం ఎర్రబడుతుంది. చూడు, ఎలా ఉందో."

"ఏడ్చి ఎర్రబడింది! గ్రూపులో కూడా రాశాను. మాబెల్‌ని అడగండి."

"నెలిదా చూపించింది. మాబెల్ మంచి పిల్ల. అందరూ మంచివాళ్ళు. ముసలాడి పరువు పోకూడదని తలా ఒక చెయ్యి వేశారు." కొమ్ము నా చేతిలోంచి తీసుకుని, తాగి, మళ్ళీ నింపారు. "నాకు ఇప్పుడు గుర్తొచ్చింది కూడా. అక్టోబర్ అయిదు, గురువారం. నీలం చొక్కా వేసుకున్నాను. బయట ఎవరో పుచ్చకాయలు అమ్ముకుంటూ వెళుతున్నారు. నేను ఆ ఫోల్డర్ తెరిచి, మొదటి ఆట లోపల పెట్టాను. వేలు ఎక్కడ నొక్కిందో కూడా గుర్తుంది."

అది జరగలేదు. జరగడానికి వీల్లేదు. అలా పెట్టడానికి అసలు దారే లేదు, నిన్న నేనే ప్రయత్నించి చూశాను, లోపలికి మనిషి ఆట ఎక్కదు. నా ఒక్క మాటను నిలబెట్టడానికి ఆయన బుర్ర ఒక నీలం చొక్కాను, పుచ్చకాయల బండిని కుట్టి పెట్టింది.

"నేను నిన్ను ఎప్పుడో క్షమించాను అమ్మాయ్," అన్నారు గుమ్మం దాకా వచ్చి. "నిజానికి థాంక్స్ చెప్పాలి. నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికి తెలిసేది?"

తిట్టినా, కొట్టినా ఇంత దెబ్బ తగిలేది కాదు.

నవంబర్ 24, శుక్రవారం

నెలిదా షాపుకు వెళ్ళాను. కౌంటర్ అవతలే నిలబెట్టి మాట్లాడింది.

"మొన్న భోంచేస్తూ చెంచా పేరు గుర్తు రాలేదన్నాడు. నాకూ అప్పుడప్పుడు రాదు, అందరికీ అవుతుంది. ఆయన మాత్రం కాగితం మీద తారీఖు వేసి రాసుకున్నాడు, డాక్టరుకు చూపించడానికి. నువ్వు తెచ్చిపెట్టావు జునిల్డా. నువ్వే తీసుకుపో."

"నమ్మట్లేదు నెలిదా. ఎంత చెప్పినా నమ్మట్లేదు."

"అయితే చెప్పకు. ఆయన ఎప్పుడైనా ఒకరు చెబితే నమ్మాడా? లెక్కల మాస్టారు."

ఆమె వెనక్కి తిరిగి మందుల డబ్బాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను మరో మాట లేకుండా వచ్చేశాను.

నవంబర్ 28, మంగళవారం

ఎండ కావాలి. వాన పడుతోంది. జీవితంలో మొదటిసారి ఎండ కోసం మొక్కుకున్నాను.

డిసెంబర్ 2, శనివారం

నలభై రెండు.

మధ్యాహ్నం రెండింటికి విల్ఫ్రిదో బండిలో నా యంత్రమూ, ఆయన యంత్రమూ ఎక్కించుకుని వెళ్ళాం. మాస్టారు కునుకు తీస్తున్నారు. లేపాను. భోజనాల బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టాం, నాది మళ్ళీ పెంచిన వేగంలోనే. కిటికీలు మూశాం. విల్ఫ్రిదో కార్డుల మీద ఈకల సంచి ఒకటి కప్పబోతే నేనే ఆపాను. మోసం ఏదీ ఉండకూడదు.

"ఏంటమ్మాయ్ ఇదంతా? నేను క్షమించానన్నాగా."

"క్షమించొద్దు. లెక్క చూడండి."

"నా లెక్క ఇప్పుడు ఎవడు నమ్ముతాడు?"

"స్థితి మీరే పెట్టండి. అంకెలు మీరే రాయండి. నేను కీబోర్డు కూడా ముట్టుకోను."

ఇష్టం లేకుండానే కూర్చున్నారు. నోటుపుస్తకం తెచ్చుకుని, గళ్ళు గీసి, రెండు పేర్లు రాశారు. ఏనుగులూ బంటులూ మిగిలిన ఒక స్థితి పెట్టారు. ముందు తన యంత్రాన్ని అడిగారు. ఒకటి నుంచి పది దాకా. పదీ ఒకటే. తర్వాత నాది. మొదటి అంకె రాశారు. రెండోది. మూడో అంకె దగ్గర పెన్సిల్ ఆగింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. నాలుగోది, అయిదోది. పదయ్యేసరికి ఆరు రకాలు.

నేను నోరు తెరవబోతే చెయ్యి ఎత్తి ఆపారు. స్థితి మార్చారు. మళ్ళీ ఇరవైసార్లు. తర్వాత, "వేగం తగ్గించు," అన్నారు. విల్ఫ్రిదో చేత తగ్గించారు, నా చేత కాదు. పదీ ఒకటే. "పెంచు." తొమ్మిది రకాలు. "గది తలుపులు తెరువు. ఫ్యాన్ దీని మీదికి తిప్పు." నాలుగు రకాలు. ఇలాగే గంటన్నర నడిచింది. మొత్తం నూట నలభై అంకెలు. ఒక్క అంకె తప్పు రాయలేదు. నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాను.

అప్పుడు పెన్సిల్ కింద పెట్టారు. నోటుపుస్తకం మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసుకున్నారు. మెడ మీదినుంచి ఎరుపు పైకి పాకడం కనిపించింది. ఆయనను నలభై ఏళ్ళుగా ఎరుగుదును, ఆ రంగు ఎన్నడూ చూడలేదు.

"నువ్వు దీన్ని పరీక్షించలేదు," అన్నారు.

"లేదు మాస్టారూ."

"పిల్లల ముందు నన్ను నిలబెట్టి అడిగావు. దీన్ని ఒక్కసారి పరీక్షించలేదు. పది నిమిషాల పని!"

"లేదు."

"ఇరవై ఎనిమిది రోజులు!" బల్ల మీద కొట్టారు. కొమ్ము పడి నీళ్ళు నేలంతా అయ్యాయి. "పొయ్యి ఆపానో లేదో అని ఇరవై ఎనిమిది రోజులు వంటింటికి తిరిగాను! నా పుస్తకాలు ఇచ్చేశాను! నా కూతురి మొహం చూడలేకపోయాను! బుర్ర పోయిందనుకున్నానే నేను, బుర్ర! నాకు ఉన్నది అదొక్కటేనే!"

"మాస్టారూ..."

"మాస్టారూ లేదు, ఏం లేదు! నోరెత్తకు! ఆరో స్థానం కావాల్సి వచ్చిందా నీకు? ఇక్కణ్ణుంచి పో! నీ డబ్బా కూడా పట్టుకుపో! బయటికి!"

విల్ఫ్రిదో భయపడి ముందు తీగలు పీకేశాడు. నేను యంత్రాన్ని ఎత్తుకుని ఎలా బయటపడ్డానో తెలియదు. మా వెనక తలుపు అదిరేలా మూశారు. లోపల ఆ చీటీలు చింపుతున్న చప్పుడు వినిపించింది. ఒక్కొక్కటే, గోడ మీంచి, తలుపు మీంచి.

బండిలో కూర్చుని ఏడ్చాను. విల్ఫ్రిదో, "మరీ అంతలా తిట్టాలా?" అన్నాడు.

"తిట్టనీ. ఇంకా తిట్టనీ," అన్నాను.

బండి కదలబోతుంటే తలుపు మళ్ళీ తెరుచుకుంది. చెప్పులు కూడా లేకుండా, మండే కాలిబాట మీదికి వచ్చేశారు. వేలు చూపిస్తూ, ఇరుగుపొరుగు కిటికీల్లోంచి చూస్తుండగా అరిచారు:

"ఎనభై నాలుగులో, వియ్యారికా పోటీలో కూడా ఇదే చేశావు! ఇరవై మూడో ఎత్తు! చెయ్యి ముందు, బుర్ర వెనక! గెలిచే ఆట పోగొట్టుకుని నెపం గడియారం మీద పెట్టావు! అప్పుడే రెండు తగిలించాల్సింది!"

తలుపు మళ్ళీ ధడాలున మూసుకుంది.

ఇరవై మూడా? ఇన్నాళ్ళూ నేను ఇరవై నాలుగో ఎత్తు అనుకుంటున్నాను. ఇంటికి రాగానే బొత్తాల సొరుగు అడుగు నుంచి ఆ ఆట ఎత్తులు రాసుకున్న పాత కాగితం తీసి, మడతలు విప్పి, వేలు పెట్టి లెక్కపెట్టాను.

ఇరవై మూడే.